ఎవరు ఎవరికి ఏమవుతారు? ఆరవీటి, నంద్యాల, మట్లి వంశాలపై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో నంద్యాల ప్రభువుల గురించి ఒక చిన్న వ్యాసం వేశాం. దానిమీద కర్నూలు, కడప, అనంతపురం ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం చుట్టరికాల గురించే ఉన్నాయి. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, మిగిలినవాటిని విడివిడిగా ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’ను అంకితం పొందిన నంద్యాల కృష్ణమరాజు, తళ్ళికోట యుద్ధంలో చనిపోయిన అళియ రామరాయలు ఒకే వంశం వాళ్ళని మా అధ్యాపకులు చెప్పారు. ఒకరి ఇంటిపేరు నంద్యాల, ఇంకొకరి ఇంటిపేరు ఆరవీడు. ఇద్దరూ ఒకే వంశం వాళ్ళు ఎలా అవుతారు? (డిగ్రీ విద్యార్థిని, నంద్యాల)

జవాబు: మీ అధ్యాపకులు చెప్పింది నిజమే. ఆ కాలంలో మన ప్రాంతపు ప్రభువులకు ఇంటిపేరు ఊరిని బట్టి వచ్చేది. దుర్గం మారితే, లేదా అన్నదమ్ములు విడిపోయి వేరే సీమకు వెళ్తే, రెండు మూడు తరాలలో కొత్త ఇంటిపేరు స్థిరపడిపోయేది. కాబట్టి ఇంటిపేరు వేరైనంత మాత్రాన వంశం వేరని అనుకోకూడదు, ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన రక్తసంబంధం ఉందనీ అనుకోకూడదు. మీరు అడిగిన రెండు శాఖలూ ఆరవీటి బుక్కరాజు దగ్గర కలుస్తాయి. ఈయన సాళువ నరసింహుని కాలంవాడు. సాళువ నరసింహుని రాజ్యాన్ని నిలబెట్టినవాడని ఆరవీటి రాజుల తామ్రశాసనాలు ఈయనను పొగుడుతాయి. అంటే 15వ శతాబ్ది చివరి భాగం.

బుక్కరాజుకు ఇద్దరు భార్యలు, అబ్బలదేవి, బల్లాంబిక. అబ్బలదేవి కొడుకు సింగరాజు నంద్యాల సీమకు ప్రభువై ఆ శాఖకు మూలపురుషుడయ్యాడు. కృష్ణమరాజు ఆయన సంతతివాడు. బల్లాంబిక కొడుకు రామరాజు. ఈ రామరాజుకు లక్కాంబిక వల్ల తిమ్మరాజు, కొండరాజు, శ్రీరంగరాజు అని ముగ్గురు కొడుకులు కలిగారు. శ్రీరంగరాజు, తిరుమలాంబిక దంపతుల కొడుకే 1565 జనవరి 23న యుద్ధరంగంలో తల కోల్పోయిన అళియ రామరాయలు. అంటే రామరాయల తాతగారూ, నంద్యాల శాఖ మూలపురుషుడూ ఒకే తండ్రికి ఇద్దరు తల్లుల బిడ్డలు. కృష్ణమరాజు, రామరాయలు దాయాదులన్నమాట.

వంశవృక్షం గీసే చాలామంది తండ్రుల పేర్లను మాత్రమే వరుసగా రాసుకొని పోతారు. ఈ ఒక్క ఉదాహరణ చూసినా ఆ పద్ధతి ఎంత పొరపాటో తెలుస్తుంది. బుక్కరాజు కింద సింగ, రామ అని రెండు పేర్లు రాసి ఊరుకుంటే, ఒక శాఖ నంద్యాలలో నిలిచిపోవడం, మరో శాఖ విజయనగర సింహాసనం దాకా వెళ్ళడం వట్టి అదృష్టంలాగా కనిపిస్తుంది. తల్లుల పేర్లు పక్కన పెట్టి చూస్తే అది సవతి బిడ్డల మధ్య జరిగిన పంపకంగా అర్థమవుతుంది. మన శాసనకవులు ఈ విషయంలో మనకంటే జాగ్రత్తపరులు. ప్రతి తరంలోనూ భార్య పేరు ఇచ్చారు.

రామరాయల తాతగారైన ఆ రామరాజు గురించి కర్నూలువాళ్ళు తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. 1634 నాటి కూనియూరు తామ్రశాసనం తిరునెల్వేలి ప్రాంతంలోని ఒక గ్రామదానాన్ని గురించినది. అంత దూరాన ఉన్న ఆ ఊరి దానపత్రంలో మన కందనవోలు (కర్నూలు) దుర్గం కనిపిస్తుంది. రామరాజు డెబ్బైవేల గుర్రపుదళంతో వచ్చిన సపాదుణ్ణి ఓడించాడనీ, కాసప్పుడయ అనేవాణ్ణి తరిమి అవనిగిరి దుర్గాన్ని తీసుకొన్నాడనీ, కందనవోలు దుర్గాన్ని జయించాడనీ అందులో ఉంది. సపాదుడంటే బిజాపూరు సుల్తాననీ, అవనిగిరి అంటే ఆదవాని అనీ పండితులు గుర్తించారు. తర్వాతి మాట మరీ ఆసక్తికరంగా ఉంటుంది. కందనవోలులో జ్ఞాతులే ఆయనకు విషం పెట్టారట. హరి పాదతీర్థంగా భావించి తాగేసరికి అది అమృతమయిందట. విషం అమృతం కావడాన్ని చరిత్ర కింద లెక్క వేయలేం గానీ, దాయాదులు విషం పెట్టారని ఆ వంశంవాళ్ళే రాగిరేకు మీద చెక్కించుకోవడం మాత్రం చరిత్రే. ఎవరా జ్ఞాతులు అన్నది శాసనం చెప్పదు. సవతి అన్నదమ్ములదే ఆ పని అని ఊహించి రాసినవాళ్ళు ఉంటే, ఆ ఊహ వాళ్ళదే.

ప్రశ్న: రామరాయల భార్య తిరుమలాంబ అని ఒక పుస్తకంలోనూ, రామరాయల తల్లి తిరుమలాంబ అని మరొక పుస్తకంలోనూ చదివాను. ఏది తప్పు? (విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆళ్ళగడ్డ)

జవాబు: రెండూ ఒప్పే. రామరాయల తల్లి శ్రీరంగరాజు భార్య తిరుమలాంబిక. ఆయన భార్య శ్రీకృష్ణదేవరాయల కూతురు తిరుమలాంబ. ఆ పెళ్ళి వల్లనే ఆయనకు అల్లుడు అనే అర్థంలో ‘అళియ’ అన్న పేరు వచ్చింది. అత్తగారూ కోడలూ ఒకే పేరువాళ్ళు కావడం మన ఇళ్ళలో ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం. పైగా కృష్ణదేవరాయల పట్టమహిషి పేరు తిరుమలదేవి, అచ్యుతరాయల కాలంలో ‘వరదాంబికా పరిణయచంపువు’ రాసిన విదుషి పేరు తిరుమలాంబ. వేంకటేశ్వరుని మీద భక్తి ఊరూరా పెరిగిన కాలం కాబట్టి తిరుమల, వేంకట, తిమ్మ, కోనేటి అన్న పేర్లు ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ విరివిగా పెట్టారు. అందుకని తిరుమలాంబ అన్న పేరు ఎక్కడ కనిపించినా ‘ఎవరి కూతురు, ఎవరి ఇల్లాలు’ అన్న రెండు సంగతులు తేలేదాకా ఆ పేరును వంశవృక్షంలో రాయకండి.

మగవాళ్ళ పేర్లలోనూ ఇదే చిక్కు. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఆరవీటివారిలో రామ, రంగ, తిమ్మ అన్న పేర్లు తరం విడిచి తరం తిరిగి వస్తుంటాయి. తాత రామరాజు, మనవడు రామరాయలు. రామరాయల తమ్ముడు తిరుమలరాయలు తన కొడుకుల్లో ఒకరికి తండ్రి పేరు శ్రీరంగ అనీ, ఇంకొకరికి అన్న పేరూ తాత పేరూ అయిన రామ అనీ పెట్టుకొన్నాడు.

ప్రశ్న: రామరాయలకు సోదరులు ఇద్దరని కొందరు, నలుగురని కొందరు రాస్తున్నారు. అసలు లెక్క ఎంత? (పాఠకుడు, పత్తికొండ)

జవాబు: తామ్రశాసనాలు శ్రీరంగరాజుకు రామ, తిరుమల, వేంకటాద్రి అని ముగ్గురు కొడుకులనే చెబుతాయి. అందుగుల వెంకయ్య రాసిన ‘రామరాజీయము’ (దీనికే ‘నరపతివిజయము’ అని మరో పేరు) వీళ్ళతోపాటు కోనరాజు, తిమ్మరాజు అన్న మరో ఇద్దరిని కలిపి ఐదుగురిని పేర్కొంటుంది.

ఇందులో అబద్ధం ఎవరూ ఆడలేదు. శాసనం దానపత్రం, దానం చేసే రాజు తన అధికారం ఎవరి నుంచి ఎవరికి దిగి వచ్చిందో చెప్పడానికి ఎంత వంశం కావాలో అంతే చెబుతుంది. రామ, తిరుమల, వేంకటాద్రులు రాజ్యం నడిపిన ముగ్గురు, వాళ్ళు చాలు. కావ్యం అలా కాదు. కృతి పొందిన ప్రభువు చుట్టూ ఉన్న బంధువర్గమంతా సభలో కూర్చుని వినేదే గనక, కవి ఏ ఒక్కరినీ వదలకుండా పద్యంలో ఎక్కిస్తాడు. వంశంలో నేరుగా దిగివచ్చిన వరుసకు శాసనాన్ని నమ్మండి. శాఖలకూ, అన్నదమ్ములకూ, అల్లుళ్ళకూ కావ్యావతారికను (కావ్యం మొదట ఉండే పీఠికను) చూడండి. రెండూ ఒకే మాట చెప్పినచోట నిశ్చింతగా ఉండవచ్చు. తిరుమలరాయలు వసుచరిత్రను అంకితం పొందిన ప్రభువు, పెనుకొండను రాజధాని చేసుకొని ఆరవీటివారి పాలన మొదలుపెట్టినవాడు. ఆయన, భార్య వెంగళాంబ, కొడుకులు రఘునాథ, శ్రీరంగ, రామ, వేంకటపతి అన్న వరుస శాసనాల్లో స్పష్టంగా ఉంది.

ప్రశ్న: సిద్ధవటం మట్లి రాజులు తాము సూర్యవంశ చోళులమని చెప్పుకొన్నారట. ఆరవీటివాళ్ళు చంద్రవంశమని చెప్పుకొన్నారట. ఇవి నమ్మదగ్గవేనా, లేక బిరుదుల కోసం కట్టిన కథలా? (న్యాయవాది, బద్వేలు)

జవాబు: వంశావళికి రెండు భాగాలుంటాయి. పై భాగం దేవతల నుంచి, పురాణపురుషుల నుంచి దిగివస్తుంది. కింది భాగంలో దుర్గాలు, యుద్ధాలు, భార్యల పేర్లు మొదలవుతాయి. ఈ రెండింటికీ అతుకు ఎక్కడ పడిందో పట్టుకోవడమే మన పని.

ఆరవీటివారి వంశావళినే చూడండి. చంద్రుడు, బుధుడు, పురూరవుడు, ఆయువు, నహుషుడు, యయాతి, పూరువు, ఆ తర్వాత భరతుడు, శంతనుడు, అర్జునుడు, అభిమన్యుడు, పరీక్షిత్తు. ఇంతవరకూ మహాభారతమే. తర్వాత నందుడు, చళిక్కరాజు (చాళుక్యుల కులపురుషుడు), బిజ్జలేంద్రుడు వస్తారు. ఒక్కొక్కరి మధ్య ‘ఇన్నో తరంవాడు’ అన్న లెక్క మాత్రమే ఉంటుంది, మధ్యవాళ్ళ పేర్లు ఉండవు. పైగా కల్యాణి చాళుక్యుల సింహాసనాన్ని 12వ శతాబ్దిలో లాక్కొన్నవాడు కలచురి బిజ్జలుడు. లాక్కొన్నవాణ్ణీ, పోగొట్టుకొన్నవాళ్ళ కులపురుషుణ్ణీ ఒకే వంశవృక్షంలో ముత్తాతలుగా పెట్టుకొన్నారంటే, కల్యాణి గద్దెకు సంబంధించిన ప్రతిష్ఠ అంతా తమకే దక్కాలని కోరుకొన్నారన్నమాట. తాతపిన్నమ దగ్గరికి వచ్చేసరికి కథ నేలమీదికి దిగుతుంది. ఆయన కొడుకు సోమిదేవుడు, మనవడు రాఘవదేవుడు, ఆ తర్వాత ఆరవీటి పురాధిపతి పిన్నమ, ఆయన కొడుకు బుక్కరాజు. అతుకు తాతపిన్నమకు పైనే ఉంది. సోమిదేవుడు ఒకే రోజున శత్రువుల ఏడు దుర్గాలు పట్టాడన్న మాటను ఎంతవరకు పట్టించుకోవాలన్నది వేరే సంగతి. మనిషి మాత్రం ఉన్నవాడే.

మట్లివారి విషయంలో ఇంకొంచెం ఓపిక కావాలి. కరికాల చోళుని వంశం అన్న మాట మన సీమకు 16వ శతాబ్దిలో కొత్తగా దిగుమతి అయింది కాదు. కమలాపురం ప్రాంతంలోని మాలెపాడులో దొరికిన రేనాటి చోళ పుణ్యకుమారుని తామ్రశాసనం అంతకు తొమ్మిది వందల ఏళ్ళకు పైగా ముందుది. సూర్యవంశంలో, కాశ్యప గోత్రంలో, పొంగిన కావేరిని అదుపు చేసిన కరికాలుని అన్వయంలో (వంశంలో) నందివర్మ పుట్టాడనీ, అతని కొడుకులు సింహవిష్ణువు, సుందరానందుడు, ధనంజయవర్మ అనీ, ధనంజయుని కొడుకు మహేంద్రవిక్రముడనీ, అతని కొడుకులు గుణముదితుడు, పుణ్యకుమారుడనీ అందులో ఉంది. ఇక్కడ కవి ఎంత నిజాయతీగా ఉన్నాడో గమనించండి. ధనంజయుడు నందివర్మ కొడుకని చెప్పాడు. నందివర్మ కరికాలుని కొడుకని మాత్రం చెప్పలేదు, ‘అన్వయంలో’ పుట్టాడని ఊరుకొన్నాడు. కరికాలునికీ నందివర్మకూ మధ్య శతాబ్దాల దూరం ఉందని ఆయనకూ తెలుసు. మీ న్యాయవాదుల భాషలో చెప్పాలంటే, ‘కుమారుడు’ అన్నది సాక్ష్యం, ‘అన్వయంలో’ అన్నది వాదన. పాత శాసనం చదివేటప్పుడు ఆ తేడాను గీత గీసినట్టు వేరు చేసుకోండి.

రేనాటి చోళుల తర్వాత పొత్తపి చోళులు, మరికొన్ని తెలుగు చోళ శాఖలు ‘చరణసరోరుహ విహత విలోచన’ అని మొదలయ్యే ప్రశస్తిని తమ శాసనాలన్నిటిలోనూ వాడుకొన్నాయి. త్రిలోచనుడు మొదలైన రాజులందరి చేతా కరికాలుడు కావేరి గట్లు పోయించాడన్నది దాని సారాంశం. పొత్తపి మట్లివారు ఏలిన సీమలోనే ఉంది. తాము ఏలుతున్న నేలమీద అంతకు ముందు ఏలిన గొప్ప వంశం పేరునే వాళ్ళు ఎత్తుకొన్నారు. అది రక్తసంబంధమని రుజువు చేయలేం. అంతమాత్రాన గాలిలో కట్టిన మేడ అనడం కూడా సరికాదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొన్నారని మట్లివారిని ఎగతాళి చేసేవాళ్ళు, ఆ చెట్టు వాళ్ళ పెరట్లోనే ఉండేదన్న సంగతి మరిచిపోతారు.

ఇక కింది భాగం గట్టిది. మట్లి అనంతరాజు స్వయంగా కవి, ‘కకుత్స్థవిజయము’ రాశాడు. సిద్ధవటం కోటలో శక సంవత్సరం 1527, అంటే క్రీ.శ. 1605 నాటి ఆయన శాసనం ఉంది. తండ్రి యెల్లమరాజు, ఊటుకూరు యుద్ధంలో కొండ్రాజు తిరుపతిరాజు ఓడిపోవడం, సిద్ధవటం చేతికి రావడం, పెన్న ఒడ్డున రాతికోట కట్టించడం అన్నీ అందులో ఉన్నాయి. కొండ్రాజువారు కూడా సామాన్యులు కారు. అహోబిలాన్ని గోల్కొండ సేనలూ, అనంతపురం ప్రాంతపు నాయకులైన హండెవారూ ఆక్రమించి ఐదారేళ్ళు ఉంచుకొన్నప్పుడు, వాళ్ళను తరిమి గుడికి మళ్ళీ పూజలు జరిగేటట్టు చేసినవాడు కొండ్రాజు వేంకటరాజని 1584 నాటి అహోబిల శాసనం చెబుతుంది. ఒక తరంలో అహోబిలాన్ని నిలబెట్టినవారు, తర్వాత కొన్నేళ్ళకే ఊటుకూరి దగ్గర సిద్ధవటాన్ని పోగొట్టుకొన్నారు.

ప్రశ్న: నంద్యాలవారు, మట్లివారు, హండెవారు కోస్తా జమీందారుల లాంటివాళ్ళేనా? వాళ్ళ భూములు వంశపారంపర్యంగా వచ్చినవేనా? (రైతు, తాడిపత్రి)

జవాబు: కాదు. విజయనగర కాలంలో వీళ్ళది అమరనాయంకరం. రాజు ఒక సీమను ఇస్తాడు. నాయకుడు అందులో వచ్చిన ఆదాయంతో ఇన్ని గుర్రాలు, ఇంత కాల్బలం పోషించి, పిలిచినప్పుడు యుద్ధానికి రావాలి, ఏటా ఇంత కప్పం కట్టాలి. నేల రాజుది, నాయకులు ఆయన చేతి నుంచి పొంది అనుభవిస్తారని 1530ల్లో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ కూడా రాశాడు. కొడుకు సమర్థుడైతే, రాజుకు నమ్మకస్తుడైతే సీమ కొడుక్కి వచ్చేది. లేకపోతే సిద్ధవటంలా చేతులు మారేది. కర్నూలు కోట సంగతీ అంతే. రామరాయల సంతతిలోని గోపాలరాజు దాన్ని కాపాడుకొంటూ వచ్చాడు. 17వ శతాబ్ది తొలి దశాబ్దాలలో బిజాపూరు సేనాని అబ్దుల్ వహాబ్ ఖాన్ పట్టుకొన్నాడు.

రాజ్యం బలహీనపడిన తర్వాత ఈ నాయకుల వారసులూ, వాళ్ళ కింది కావలిదార్లూ పాళెగాళ్ళయ్యారు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కుంపిణీకి దత్తం చేసినప్పుడు, 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఎనభై మంది పాళెగాళ్ళను ఎదుర్కోవలసి వచ్చింది. వాళ్ళ సైన్యాలను రద్దు చేసి, కొందరికి పింఛన్లు ఇచ్చి, భూమిని రైతువారీ పద్ధతిలో నేరుగా రైతు పేరనే రాయించాడు. మన ప్రాంతపు వంశావళులు 1800 తర్వాత తెగిపోవడానికి అసలు కారణం ఇదే. కోస్తాలో శాశ్వత శిస్తు కింద జమీందారీ నిలిచింది గనక, గద్దె కోసం దాయాదులు కోర్టుకెక్కినప్పుడల్లా వంశవృక్షాలు దస్తావేజుల్లోకి ఎక్కాయి. ఇక్కడ పోరాడడానికి ఎస్టేటే లేదు. మిగిలింది పింఛను మాత్రమే.

ఆ పింఛను దగ్గర కూడా వంశమే ప్రధానమయింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి తండ్రి వైపు నుంచి వచ్చే వంతు నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. తల్లి వైపు తాత, నొస్సం జమీను అనుభవించిన జయరామిరెడ్డికి కొడుకులు లేరు. ఆయన చనిపోగానే ఆ పింఛను ఆగిపోయింది, కూతురి కొడుకుకు హక్కు లేదన్నారు. 1846లో మొదలైన తిరుగుబాటుకు కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, అవన్నీ వేరే వ్యాసానికి సరిపడేవి. దౌహిత్రుడు వారసుడా కాడా అన్న ప్రశ్న మాత్రం వాటిలో ఒకటి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు.

ప్రశ్న: మా ఇంట్లో ఒక పాత కాగితం ఉంది. అందులో నంద్యాల రాజుల నుంచి మా తాతగారి దాకా తొమ్మిది పేర్లు ఉన్నాయి. మేము ఆ వంశంవాళ్ళమేనని నిరూపించుకోవడానికి ఏం చేయాలి? (వ్యాపారి, ప్రొద్దుటూరు)

జవాబు: ముందు లెక్క వేసుకోండి. తరానికి పాతిక నుంచి ముప్ఫై ఏళ్ళు అనుకొంటే, కృష్ణమరాజు కాలం నుంచి మీ తాతగారి దాకా పద్నాలుగు, పదిహేను పేర్లు ఉండాలి. మీ కాగితంలో తొమ్మిదే ఉన్నాయంటే మధ్యలో ఐదారు తరాలు జారిపోయాయి, లేదా పైపేరు తర్వాత చేర్చారు. జారిపోయిన చోటు సాధారణంగా 18వ శతాబ్దిలో ఉంటుంది. ఊళ్ళు విడిచి పారిపోయిన కాలం, మరాఠాలూ హైదరూ నిజామూ ఒకరి తర్వాత ఒకరు వచ్చిపడిన కాలం అది.

మీ ప్రయాణం మీ తాతగారి నుంచి వెనక్కి సాగాలి, కృష్ణమరాజు నుంచి ముందుకు కాదు. పైనుంచి దిగితే ఎవరికైనా ఎక్కడో ఒకచోట తమ ఇంటి గడప కనిపిస్తుంది. కింది నుంచి ఎక్కడానికి మొదటి మెట్టు ఇనాం రిజిస్టర్లు. 19వ శతాబ్ది మధ్య తర్వాత ఇనాం కమిషన్ ఊరూరా తిరిగి, ఏ ఇనాం ఎవరు ఎవరికి ఎందుకు ఇచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడు మొదట పొందినవాడికి ఏమవుతాడు అన్నది రాసుకొంది. మీ పెద్దలకు సెంటు ఇనాం ఉన్నా మూడు నాలుగు తరాల పేర్లు అక్కడ దొరుకుతాయి. దాని పైమెట్టు కైఫీయత్తులు. కర్నల్ మెకంజీ మనుషులు ఊరి కరణాల దగ్గర పాత కవిలెలు (లెక్కల పుస్తకాలు) చూసి రాయించుకొన్న గ్రామచరిత్రలు ఇవి. కడప జిల్లా కైఫీయత్తులను కడపలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయం సంపుటాలుగా అచ్చువేసింది. కరణం చెప్పిన కథలో అతిశయోక్తి ఉంటుంది. ఫలానా చెరువు ఫలానా రాజు వేయించాడు, ఫలానా మాన్యం ఫలానావాళ్ళు తిన్నారు అన్న సంగతులు మాత్రం చాలావరకు కవిలె నుంచి తీసినవే. వీటిలో ఫసలీ (శిస్తు లెక్కల) సంవత్సరం కనిపిస్తే 590, శక సంవత్సరం కనిపిస్తే 78 కలుపుకోండి.

గోత్రం కూడా చూడండి. ఆరవీటివారిది ఆత్రేయస గోత్రమని వాళ్ళ శాసనాలే చెబుతాయి, నంద్యాల శాఖ అందులోదే. మీ గోత్రం వేరైతే మగసంతతి వరుసలో మీరు ఆ శాఖ కాలేరు. ఆడపడుచు వైపు నుంచి కావచ్చు, అప్పుడు వెతకవలసింది వేరే ఇంటిపేరుతో. గోత్రం కలిసిందని సంబరపడడానికీ లేదు, అదే గోత్రంవాళ్ళు వేలల్లో ఉంటారు. కాగితం అసలును ఎవరికీ పంపకండి. ఫొటో తీయించి పంపితే చూస్తాం. ముఖ్యంగా అందులో భార్యల పేర్లు ఏ తరం దాకా ఉన్నాయో రాయండి, ఎందుకంటే కల్పించి రాసినవాళ్ళు తాతలనైతే కల్పిస్తారు గానీ అమ్మమ్మలను కల్పించే శ్రమ తీసుకోరు.

ప్రశ్న: చంద్రగిరి వేంకటపతి రాయలను ఒక పుస్తకంలో మొదటి వేంకటపతి అనీ, ఇంకొక దాంట్లో రెండవ వేంకటపతి అనీ రాశారు. వేరువేరు రాజులా? (ఉద్యోగార్థి, అనంతపురం)

జవాబు: ఒక్కడే. తిరుమలరాయల కొడుకు, 1586 నుంచి 1614 దాకా పాలించినవాడు. అచ్యుతరాయల కొడుకు వేంకటరాయలు కొన్నాళ్ళే సింహాసనం మీద ఉన్నాడు. అతణ్ణి లెక్కలో వేసుకొన్నవాళ్ళకు ఈయన రెండవవాడు, ఆరవీటి వంశం వరకే లెక్కపెట్టేవాళ్ళకు మొదటివాడు. కూనియూరు శాసనం నాటి వేంకటపతికీ ఇదే లెక్కన రెండవ, మూడవ అన్న రెండు అంకెలూ కనిపిస్తాయి. పరీక్షలో రాసేటప్పుడు అంకె పక్కన తండ్రి పేరో, పాలనాకాలమో కూడా రాయండి.